ఓపెన్ సోర్స్ ఫోను మనకు పనికొస్తుందా?

(సేత్తూరులో జరిగిన మన సంఘం సభ్యుల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఫుల్ నైట్ షిఫ్టు ముగించుకుని, కంటినిండా నిద్ర కూడా లేకుండా వచ్చినవాళ్ళు ఈ హాలులో చాలామంది ఉన్నారు. బోనసు విషయం, క్యాంటీను విషయం ఇంతకుముందే మాట్లాడుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది కొందరికి కొత్తగా తోచవచ్చు.

పోయిన సమావేశంలో డాఫింగ్ సెక్షన్ తమ్ముడొకడు లేచి ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, ఏ పెద్ద కంపెనీ చెప్పుచేతల్లోనూ లేని ఓపెన్ సోర్స్ ఫోను అని ఒకటి ఉందంట. అందరం దానికే మారిపోతే సరిపోదా?" అని. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తెలియని దానికి తెలిసినట్టు మాట్లాడడం సంఘం పద్ధతి కాదు గనుక గడువు అడిగాం. తెలిసినవాళ్ళను అడిగాం, చదివాం, ఒక పాత ఫోను మీద రెండు నెలలు వాడి చూశాం.

జవాబు ముందే చెప్పేస్తాం. ఒక్క ఫోనుతోనే ఇల్లంతా నడుపుకునే కార్మికుడు ఇవాళ దానికి మారవద్దు. అలాగని అది పనికిరానిదని చెప్పి పక్కన పెట్టనూ వద్దు. ఈ రెండు మాటలూ ఎందుకు చెబుతున్నామో వివరిస్తాం.

ఫోను సంఘానికి ఎందుకు?

సంఘం జీతం గురించి మాట్లాడాలి గానీ ఫోను గురించి ఎందుకు అని పెద్దవాళ్ళు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేము మిల్లులో చేరినప్పుడు జీతం కవరులో పెట్టి చేతికి ఇచ్చేవారు. ఇవాళ జీతం బ్యాంకులో పడుతుంది, పడినట్టు ఫోనుకు మెసేజు వస్తుంది. టీ కొట్టులో యూపీఐ, పిల్లల ఫీజు యూపీఐ. పి.ఎఫ్. సంగతి చూడండి. 2025 ఆగస్టు 1 నుంచి, కొత్తగా చేరే కార్మికుడు తన యూ.ఏ.ఎన్. నంబరును ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకునే పద్ధతి పెట్టారు. అంటే పి.ఎఫ్. గడప దగ్గర కూడా ఫోను వచ్చి నిలబడింది.

మన వైండింగ్ సెక్షన్ అక్కయ్య ఒకామె దగ్గర ఆరేళ్ళ కిందటి ఫోను ఉంది. అద్దం పగలలేదు, బ్యాటరీ బాగానే ఉంది. కానీ తయారుచేసిన కంపెనీ దానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసి చాలా కాలమయింది. కావలసిన యాప్ అందులో ఎక్కదు. పని జరగాలంటే మేనల్లుడి ఫోను అడిగి తెచ్చుకోవాలి. బాగున్న ఫోనును మూలన పారేసి, అప్పు చేసి ఇంకొకటి కొనాలా అని ఆమె అడిగింది. ఇది జీతం విషయం కాదంటారా?

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి?

మనకు తెలిసిన యంత్రంతోనే చెప్పుకుందాం. పాత రింగ్ ఫ్రేమ్‌లో కౌంటు మార్చాలంటే ఏం చేసేవాళ్ళం? ఫిట్టరు గేర్ల మూత తీసి, చేంజ్ వీల్ మార్చి, మూత వేసేవాడు. ఏ పళ్ళ చక్రం ఎక్కడ తిరుగుతుందో కంటికి కనబడేది. దగ్గర నిలబడి చూసిన కుర్రవాడు కూడా ఏడాదిలో పని నేర్చుకునేవాడు. ఇప్పటి కొత్త యంత్రానికి తెర ఉంటుంది, దానికి పాస్‌వర్డు ఉంటుంది. బోర్డు చెడిపోతే కంపెనీ ఇంజనీరు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా ఫ్రేము నిలిచిపోతుంది.

ఫోను లోపల యంత్రాన్ని నడిపేది సాఫ్ట్‌వేర్. దాన్ని రాసిన రాతను సోర్స్ కోడ్ అంటారు. ఆ రాతను ఎవరైనా చూడవచ్చు, సరిచెయ్యవచ్చు, పదిమందికి పంచవచ్చు అని హక్కు ఇస్తే అది ఓపెన్ సోర్స్, అంటే మూత తీసి చూడగలిగిన ఫ్రేము. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ హక్కు కోసం గ్నూ అనే పని మొదలుపెట్టాడు. ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో లినక్స్ రాసి అందరికీ ఇచ్చాడు. మన తెలుగువాళ్ళూ ఈ పనిలో ఉన్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ కంప్యూటరును తెలుగులో వాడుకునేలా లినక్స్‌ను తయారుచేసింది.

మీకు ఆశ్చర్యం కలిగించే మాట ఒకటి. మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను పునాది కూడా ఆ లినక్సే. ఆండ్రాయిడ్ మూల భాగాన్ని గూగుల్ ఓపెన్ సోర్సుగానే విడుదల చేస్తుంది. కానీ దాని మీద ప్లే స్టోరు, గూగుల్ సర్వీసులు అనే ఇంకొక పొర ఉంది. ఆ పొర మూసినది. ఫ్రేము తెరిచినదే, మోటారు స్విచ్చు మాత్రం వేరే గదిలో తాళం వేసి ఉంది.

మన దేశంలో ఇదివరకు జరిగినవి

ఇది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, కొందరు ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరును లినక్స్ మీద తయారుచేశారు. పల్లె జనానికి చౌకగా అందాలన్నది వాళ్ళ ఉద్దేశం. 2004లో అమిడా పేరుతో బజారుకు వచ్చింది. ఆలోచన మంచిదే గానీ అమ్మకాలు చాలా తక్కువ.

2014 ఆగస్టులో ఇంటెక్స్ కంపెనీ ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థతో క్లౌడ్ ఎఫ్‌ఎక్స్ ఫోను తెచ్చింది. ధర 1,999 రూపాయలు. అందులో వాట్సాప్ కంపెనీవారి యాప్ లేదు, 3జీ లేదు, నడక మెల్లగా ఉండేది. 2015 డిసెంబరులో మొజిల్లా సంస్థ ఫోన్ల పని ఆపుతున్నామని ప్రకటించింది. కొన్నవాళ్ళు దారిలో నిలబడ్డారు.

అయితే ఆ కోడ్ చావలేదు. తెరిచిన కోడ్ గనుక ఇంకొకరు తీసుకుని దానిమీద కైఓఎస్ కట్టారు. 2017లో 1,500 రూపాయల డిపాజిట్టుకు వచ్చిన జియోఫోను నడిచింది దాని మీదే. మనలో ఎంతమంది ఆ ఫోను పట్టుకుని షిఫ్టుకు వచ్చారో గుర్తు చేసుకోండి. ఓపెన్ సోర్స్ నుంచి పుట్టిన ఫోను అప్పుడే మన జేబుల్లోకి వచ్చింది. 2018లో దానికి వాట్సాప్ కూడా వచ్చింది. తరువాత వాట్సాప్ కంపెనీ కైఓఎస్ ఫోన్లను వదిలేసింది. 2024లో కొత్తగా ఎక్కించుకునే వీలు తీసేసింది, 2025లో ఉన్నవాళ్ళకూ ఆపేసింది. పునాది తెరిచినదయినా, దాని మీద మనకు కావలసిన సేవ మూసినదయితే ఏమవుతుందో అక్కడ చూశాం.

2023 జనవరిలో మన రాష్ట్రంలోనే, మద్రాసు ఐఐటీ నీడన పెరిగిన ఒక చిన్న కంపెనీ భరోస్ అనే వ్యవస్థను చూపించింది. ఆండ్రాయిడ్ తెరిచిన భాగం మీదే కట్టి, గూగుల్ యాప్‌లు లేకుండా ఇచ్చారు. కేంద్ర మంత్రులు దాన్ని పరీక్షించి చూసినట్టు పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. రాజపాళయం బజారులో మనం వెళ్ళి కొనుక్కునే ఫోన్లలో మాత్రం అది రాలేదు.

ఇక్కడ ఒక మాట. దేశీయం వేరు, ఓపెన్ సోర్స్ వేరు. మన రోడ్డు మీదే శివగిరి, పుళియంగుడి దాటి తెన్కాశి వెళితే మత్తలంపారై పల్లెలో జోహో కంపెనీ ఆఫీసు ఉంది. 2025 సెప్టెంబరులో వాళ్ళ అరట్టై యాప్ పేరు దేశమంతా మోగింది. మన జిల్లా పక్కన ఉద్యోగాలు వచ్చినందుకు సంతోషమే. కానీ అరట్టై ఓపెన్ సోర్స్ కాదు. యజమాని మన ఊరివాడయినా తాళం తాళమే.

రెండు నెలలు వాడి చూశాం

పాత ఫోన్లకు లినేజ్ ఓఎస్ వంటి ఓపెన్ సోర్స్ వ్యవస్థలు ఉచితంగా దొరుకుతాయి. తయారుచేసిన కంపెనీ వదిలేసిన ఫోన్లను కూడా లోకమంతా ఉన్న స్వచ్ఛంద ప్రోగ్రామర్లు వీటితో బతికిస్తున్నారు. సంఘం కార్యాలయంలో పడి ఉన్న ఐదేళ్ళ కిందటి ఫోనుకు అలాంటిది ఒకటి ఎక్కించాం. ఇంజనీరింగ్ చదువుతున్న మన సభ్యుడి కొడుకు ఒకడు సాయం చేశాడు. ముందుగా ఫోను తాళం తియ్యాలి. తీస్తే లోపలి ఫోటోలు, నంబర్లు అన్నీ పోతాయి. తాళం తీసేందుకు అనుమతి కోసం ఒక వారం ఆగాల్సివచ్చింది. రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఆ కుర్రవాడు లేకపోతే మా వల్ల అయ్యేది కాదు, దాచుకోవడం ఎందుకు?

ఎక్కిన తరువాత ఆ ఫోను తేలికపడింది. తెలుగు, తమిళం రెండూ చక్కగా టైపు చేశాం. మనవాళ్ళం ఇంట్లో తెలుగు, బడిలో తమిళం కదా, రెండూ ఉండాలి. ఫోటోలు తీశాం, బ్రౌజరులో వార్తలు చదివాం, షిఫ్టుకు అలారం పెట్టుకున్నాం, సంఘం గ్రూపులో మెసేజులు పంపాం. చార్జింగ్ కూడా ఇదివరకటికంటే ఎక్కువ సేపు నిలిచింది. మధ్య మధ్య వచ్చి పడే ప్రకటనలు లేవు. ఎవరూ అడగకుండానే పెట్టిన ఆటల యాప్‌లు లేవు. మొదటి పది రోజులూ మేమే అన్నాం, ఇంకేం, అందరికీ ఎక్కిద్దాం అని.

తరువాత కష్టాలు మొదలయ్యాయి. ఒక బ్యాంకు యాప్ తెరవగానే "ఈ ఫోనులో పనిచెయ్యదు" అని మూసుకుపోయింది. ఇంకొక బ్యాంకు యాప్ తెరుచుకుంది, డబ్బు కూడా పంపాం. ఇరవై రోజులకు అప్‌డేట్ వచ్చింది, ఆ రోజు నుంచి అదీ మూసుకుంది. టీ కొట్టు దగ్గర తొమ్మిది మంది టీ తాగి నిలబడి ఉండగా కార్యదర్శి ఫోనులో డబ్బు వెళ్ళలేదు. నవ్వుకున్నాం. తరువాత జరిగినదానికి నవ్వలేకపోయాం. ఒక రాత్రి సభ్యుడి తల్లికి ఒంట్లో బాగాలేదని, ఆటోకు ఏర్పాటు చెయ్యమని వాళ్ళ ఇంటినుంచి మాకు ఫోను చేశారు. మా ఫోను మోగలేదు. ఒక సిమ్ముకు మాటలు 4జీ మీదే వస్తాయి. ఆ ఏర్పాటు ఈ ఫోనులో సరిగా కుదరలేదు. పక్కింటివాళ్ళు ఆదుకున్నారు గనుక ఆమె క్షేమంగా ఉంది. మరునాడు ఉదయమే సిమ్ములు తీసి పాత పద్ధతి ఫోనులో వేసుకున్నాం.

ఎందుకు ఇలా అయింది?

కారణాలు మూడు చెబుతాం.

మొదటిది ముద్ర. బజారులో తూకం రాయికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. అది ప్రభుత్వ ముద్ర, పరీక్షించి ఎవరికయినా వేస్తారు. ఫోనుకు కూడా ఇవాళ ఒక ముద్ర ఉంది. బ్యాంకు యాప్ తెరవగానే, ఇది మీరు ధ్రువీకరించిన ఫోనేనా అని గూగుల్‌ను అడుగుతుంది. ప్లే ఇంటెగ్రిటీ అంటారు దాన్ని. కాదు అని జవాబు వస్తే తలుపు మూసేస్తుంది. మోసాలు ఆపడానికే అంటారు. మోసాలు ఉన్న మాట నిజమే. కానీ ఏళ్ళ తరబడి అప్‌డేట్ లేని పాత ఫోనుకు కూడా ముద్ర ఉంటే దాటిపోగలదు, నిన్ననే సరిచేసిన ఓపెన్ సోర్స్ ఫోను ముద్ర లేక ఆగిపోతుంది. పైగా ఈ ముద్ర వేసేది ప్రభుత్వ శాఖ కాదు, వ్యాపారంలో ఉన్న ఒక కంపెనీ.

రెండవది మాట. జియో వంటి నెట్‌వర్కులో 2జీ, 3జీ లేవు. మాటలు కూడా 4జీ, 5జీ మీదే పోవాలి. దానికి ఫోను చిప్పు, నెట్‌వర్కు, సాఫ్ట్‌వేర్ మూడూ కుదరాలి. ఆ చిప్పుల లోపలి సాఫ్ట్‌వేర్ దాదాపు అన్ని ఫోన్లలోనూ మూసినదే. మొదటినుంచీ లినక్స్ కోసమే తయారయిన పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 వంటివి విదేశాల్లో ఉన్నాయి. మైకును, కెమెరాను స్విచ్చుతో ఆపెయ్యవచ్చు, ఆలోచన గొప్పది. వాటిలోనూ మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్ మూసినదే. బ్యాటరీ, కెమెరా మామూలు ఫోను స్థాయికి రాలేదని వాడినవాళ్ళే రాస్తున్నారు.

మూడవది భద్రత. తాళం తీసిన ఫోను పోగొట్టుకుంటే దొరికినవాడికి పని సులువు. తాళం మళ్ళీ వేసుకునేలా, గట్టి భద్రతతో గ్రాఫీన్ ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఉంది. కానీ అది ఇన్నాళ్ళూ నడిచింది గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీదే. 2025లో వచ్చిన పిక్సెల్ 9ఏ ధర 49,999 రూపాయలు. మన జీతం చీటీ పక్కన పెట్టి మీరే లెక్క వేసుకోండి.

దారి లేదా?

ఉంది. తెరిచిన సాఫ్ట్‌వేర్ మామూలు మనుషులకు కుదరదు అనేవాళ్ళు ఒకసారి మన కొండకు అవతలి వైపు చూడాలి. కేరళ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్లు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. లక్షల మంది పిల్లలు దాని మీదే నేర్చుకున్నారు. అక్కడ ప్రభుత్వం వెనక నిలబడింది, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, పాఠాలు దానికి తగ్గట్టు తయారుచేసింది. అటువంటి ఏర్పాటు ఫోనుకు ఎవరూ చెయ్యలేదు.

పెద్ద కంపెనీని ఎవరూ కదిలించలేరు అనడమూ తప్పే. 2022 అక్టోబరులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్, ఆండ్రాయిడ్ మీద ఉన్న పెత్తనాన్ని దుర్వినియోగం చేసినందుకు గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలబెట్టింది.

ప్రభుత్వం విషయంలోనూ అంతే. 2025 నవంబరు చివర, కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్ ముందే పెట్టాలని టెలికాం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. దొంగిలించిన ఫోను పట్టుకోవడానికి ఆ యాప్ మంచిదే కావచ్చు, కావలసినవాడు పెట్టుకుంటాడు. బలవంతంగా ఎందుకు అని దేశమంతా గొడవ లేచింది. డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని తీసేశారు. పదిమంది అడిగితే ఆగుతుంది.

అప్పుల యాప్‌ల సంగతి మీకు బాగా తెలుసు. ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, బంధువులకు ఫోనులు చేసి పరువు తీసి, కొందరి ప్రాణాలు కూడా తీశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పు ఇచ్చే యాప్‌లు ఫోనులోని కాంటాక్టుల జాబితా, ఫైళ్ళు ముట్టకూడదని నిబంధన పెట్టింది. ఆ బాధను ఏ కోడూ ఆపలేదు, నిబంధన వచ్చాకే అడ్డుకట్ట పడడం మొదలయింది. కోడ్ తెరిచి ఉండడమూ కావాలి, చట్టమూ కావాలి.

సభ్యులకు మా సలహా

ఇంట్లో ఒక్కటే ఫోను ఉన్నవాళ్ళు దాన్ని అలాగే ఉంచండి. తాళం తియ్యవద్దు. అప్‌డేట్ వచ్చినప్పుడు వెయ్యండి. పెళ్ళి పత్రిక అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కవద్దు. దానితో బ్యాంకు ఖాతాలు ఖాళీ అయినవాళ్ళున్నారు.

ఉన్న ఫోనులోనే తెరిచిన యాప్‌లు వాడడం మొదలుపెట్టండి. పాటలకు, సినిమాలకు వీఎల్‌సీ, బ్రౌజరుకు ఫైర్‌ఫాక్స్. ఇవి ప్లే స్టోరులోనే ఉచితంగా ఉన్నాయి. నష్టం ఏమీ లేదు, అలవాటు అవుతుంది.

మూలన పడి ఉన్న రెండవ ఫోను ఉంటే పారెయ్యవద్దు. దానికి ఓపెన్ సోర్స్ ఎక్కించి పిల్లల చదువుకు వాడవచ్చు. బ్యాంకు సిమ్ము మాత్రం అందులో వెయ్యవద్దు.

స్మార్ట్‌ఫోను లేనివాళ్ళు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే, అంతకుముందు నుంచీ ఉన్న స్టార్ 99 హాష్, మామూలు బటన్ ఫోనులో డబ్బు పంపడానికే పెట్టినవి. వీటికి గూగుల్ ముద్ర అక్కరలేదు.

సంఘం తరఫున కోరికలు

మూడు కోరికలను తీర్మానంగా మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, జీతం, పి.ఎఫ్., పింఛను, ఆసుపత్రి వంటి హక్కులకు యాప్ ఒక్కటే దారి కాకూడదు. కౌంటరు దారి, కాగితం దారి తప్పకుండా ఉండాలి.

రెండు, ఫోను భద్రమా కాదా అని తేల్చే పని ఒకే కంపెనీ చేతిలో ఉండకూడదు. ఫోను చిప్పులోనే ఉండే భద్రతా గుర్తును నేరుగా పరీక్షించే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉంది. బ్యాంకులు, ప్రభుత్వ యాప్‌లు దాని ద్వారా మంచి ఓపెన్ సోర్స్ వ్యవస్థలను కూడా ఒప్పుకోవాలి.

మూడు, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోనుకు తాళం తీసుకునే హక్కు కొన్నవాడికి ఉండాలి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకు, ఆ మోడలు అమ్మకం ఆగిన తరువాత కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలని నియమం వచ్చింది. అక్కడ సాధ్యమయినది ఇక్కడ ఎందుకు కాకూడదు?

వీటితోపాటు మన మిల్లులకు సంబంధించిన మాట ఒకటి. హాజరు యాప్ మీ సొంత ఫోనులో పెట్టుకోండి అని ఏ యాజమాన్యమైనా అడిగితే, సంతకం పెట్టే ముందు సంఘానికి చెప్పండి. హాజరు వేసుకునే యంత్రం యాజమాన్యమే గేటు దగ్గర పెట్టాలి. టైమ్ కార్డు గడియారం మనం ఇంటినుంచి తెచ్చుకున్నామా?

మిత్రులారా, ఆ తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇదీ మా జవాబు. మేము ఎక్కించిన ఫోను సంఘం కార్యాలయంలో బల్ల మీద ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చి చూడవచ్చు, మూత తీసి నేర్చుకోవాలన్న కుర్రవాళ్ళు రావచ్చు. పాత ఫ్రేము పక్కన నిలబడి పని నేర్చుకున్నవాళ్ళం మనం. వైండింగ్ అక్కయ్య ఫోనును కూడా ఆ బల్ల మీదే పెట్టి, దానికి సరిపోయే వ్యవస్థ దొరుకుతుందేమో చూస్తున్నాం. దొరికితే ఆమె మనవరాలి చదువుకు పనికొస్తుంది. ఆమె పి.ఎఫ్. పని మాత్రం ఇంకా మేనల్లుడి ఫోనులోనే జరగాలి. అందుకే ఈ మూడు కోరికలు. చదివి, తప్పులుంటే చెప్పి, సంతకాలు పెట్టండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!